బండి తిరిగే చోటు

అందరూ ముందు పునాది తీస్తారు, తర్వాత ఇల్లు లేపుతారు, ఇంకా ఓపిక మిగిలితే గేటు సంగతి చూస్తారు. మా నాన్న సామ్యూల్ మాత్రం ముందు గేటు పెట్టించాడు. చుట్టూ గోడ లేదు, లోపల ఇల్లు లేదు. ఖాళీ నేలలో రెండు రాతి స్తంభాల మధ్య ఇనప గేటు ఒక్కటే నిలబడి ఉండేది. సాయంత్రం అద్దె ఇంటికి వచ్చేసే ముందు నాన్న దానికి తాళం వేసి, లాగి చూసి మరీ వచ్చేవాడు. ఎవరైనా నవ్వితే, "లైను వేయకుండా స్టేషను కడతారా?" అని అడిగేవాడు.

ఆయన ఉద్యోగమంతా ఒంటి లైను మీద, చిన్న చిన్న స్టేషన్లలో, అసిస్టెంట్ స్టేషను మాస్టరుగా గడిచింది. మా తాత బాపట్ల వైపు నుంచి రైలు పని కోసం సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మూడు తరాలైనా ఇంట్లో మా కోస్తా మాట మాదే, వీధిలో మాత్రం ఇక్కడి మాట. నేను డోరాని, వాళ్లకి ఒక్కగానొక్క కూతుర్ని. అప్పటికి మిషను స్కూల్లో టీచరుగా చేరాను.

పోలీసు యాక్షన్ అయ్యాక మౌలాలి రోడ్డు పక్కన ఒక నవాబు గారి మామిడితోట ప్లాట్లుగా అమ్ముడుపోయింది. నవాబు గారి కుటుంబం తమ బంగళా, ఆ దేవిడీ, ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది. మా చర్చి సంఘం వాళ్లు కొందరు, రైల్వే వాళ్లు కొందరు తలా ఒక ముక్క కొనుక్కున్నాం. మునిసిపాలిటీ వాళ్లు లేఅవుట్‌కి ఒప్పుకుంటూ కొన్ని షరతులు పెట్టారు. ప్రతి ఆవరణలోనూ బండి తిరిగేంత చోటు ఉండాలి. ఏ బండైనా గేటులోంచి ముందుకే రావాలి గాని వెనక్కి రాకూడదు. సామాను బండ్లు పెద్దరోడ్డు మీద నిలబడకూడదు. మిగతా వాళ్లు వీటిని ఒకసారి చదివి మడిచి పెట్టుకున్నారు. మా నాన్నకి అవి కీర్తనల్లాగా కంఠతా వచ్చేశాయి.

అందుకే గేటు తర్వాత ఆయన కట్టించింది కూడా ఇల్లు కాదు, దారి. మొరం పరిచిన దారి గేటు నుంచి లోపలికి వచ్చి, గుండ్రంగా తిరిగి మళ్లీ గేటు దగ్గరికే చేరుతుంది. నడుమ మా అమ్మ కాంతమణి క్రోటన్ల మడి. మాకు బండి లేదు, వచ్చే సూచన కూడా లేదు. అయినా పెద్దరోడ్డు మీద జట్కా నిలిపే తుకారాంని పిలిచి, ఆ గుండ్రంలో జట్కా నడిపించి చూశాడు. ఒక పక్క చక్రం మడి అంచుని ఒరుసుకుంది. నాన్న మడిని కాస్త జరిపించి, దారిని సరిగ్గా హద్దురాళ్ల దాకా వెడల్పు చేయించి, దాని పక్కనే నడుమెత్తు రాతిగోడ కట్టించాడు. సిమెంటు దొరకని రోజులు కాబట్టి మట్టితోనే పేర్చారు. ఆ గోడకి అవతలిది బుచ్చమ్మ వాకిలి.

బుచ్చమ్మ ఆ తోటలో మా అందరికన్నా ముందు మనిషి. భర్త ఉన్నప్పుడు నవాబు గారి గేదెల్ని చూసేవాళ్లు. పాలన్నీ దేవిడీకే పోయేవి. పోతూ పోతూ నవాబు గారు గేదెల్నీ, ఆ కొట్టాన్నీ ఆమెకి నోటిమాటగా వదిలేశారు. సర్వే వాళ్లు వచ్చి ఆ కొట్టం చుట్టూ రాళ్లు పాతి, ఇంతవరకు నీది అన్నారు. ఆమె సరేనంది. పాలు కొనే దేవిడీ లేదు, కొడుకు పల్టనులో చేరి ఎక్కడో ఉన్నాడు, ఇంట్లో కోడలు ఎల్లమ్మ, తను. అప్పటికే ఒక గేదెని అమ్మేసింది. మిగిలిన వాటి కోసం దళారి వచ్చి పళ్లు చూసి పోతున్నాడు.

పెద్దరోడ్డు నుంచి మా లేఅవుట్‌లోకి ఒకటే సందు. ఒక పక్క బండ, ఇంకో పక్క రైల్వే కంచె. కూతవేటు దూరం ఉంటుంది. రెండు బండ్లు ఎదురైతే దాటుకోలేవు. నడుమ బండ దగ్గర మలుపు ఉండటం వల్ల ఈ కొసన ఉన్నవాడికి ఆ కొస కనబడదు. ఆ మలుపులోనే బుచ్చమ్మ వాకిలి. తోట రోజుల్లో తుకారాం జట్కా వచ్చేటప్పుడు బండ దగ్గర ఆగి, "అక్కా, వస్తున్న" అని కేకేసేవాడట. బుచ్చమ్మ లోపల్నుంచే, "తొవ్వ సాఫున్నది, రా తమ్మీ" అనేదట. ఆ సందులో ట్రాఫిక్ రూల్ అంటే అదే. మా ప్లాట్లు మొదలయ్యాక కూడా కొన్నాళ్లు అలాగే నడిచింది. నాన్నకి అది నచ్చేది కాదు. కేకల మీద బండ్లు నడపడమేమిటని విసుక్కునేవాడు.

ఒక పొద్దున ఆయన విసుగుకి తగ్గ కారణం దొరికింది. లేఅవుట్‌లో పదిమంది రాళ్లు కొడుతున్నారు. తుకారాం బండ దగ్గర కేకేశాడు. ఎప్పటిలాగే జవాబు వచ్చి ఉంటుందనుకుని మలుపు తిరిగాడు. అదే సమయానికి బుచ్చమ్మ పాలబండి వాకిట్లోంచి బయటికి వస్తోంది. తుకారాం తెల్ల గుర్రం, చాందీ, బండిని తప్పించబోయి బండకీ చక్రానికీ నడుమ పడింది. ముంగాలు విరిగింది. పశువుల డాక్టరు వచ్చి, చెప్పాల్సిన మాట చెప్పి, చేయాల్సిన పని చేశాడు. తుకారాం ఆ తుపాకీ చప్పుడు వినలేక పెద్దరోడ్డు దాకా నడిచి వెళ్లి అక్కడే కూర్చున్నాడు.

ఆ తర్వాత తుకారాం ఒక ముసలి గుర్రాన్ని కిరాయికి తెచ్చుకున్నాడు. బుచ్చమ్మతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. అక్కా అని పిలిచినవాడు ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు. తిట్టినా బాగుండేదని బుచ్చమ్మ మా అమ్మ దగ్గర చాలాసార్లు ఏడ్చింది.

నాన్న మా లేఅవుట్ కమిటీ ముందుకి వెళ్లి సందు పని తనకి అప్పగించమన్నాడు. అందరూ సంతోషంగా అప్పగించారు, ఎందుకంటే మునిసిపల్ ఇంజనీరు అప్పటికే వచ్చి, బండ్లు పెద్దరోడ్డుకి అడ్డంగా నిలబడితే ఇళ్ల పని ఆపేయిస్తానని బెదిరించి పోయాడు. నాన్న ఒక గట్టి వెదురుకర్ర తెప్పించి, ఎరుపూ తెలుపూ పట్టీలు వేయించాడు. సందు రెండు కొసల్లోనూ ఒక్కో కొక్కెం పాతించాడు. కర్ర ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే సందులోకి రావాలి. దాటాక రెండో కొసన కొక్కేనికి తగిలించాలి. ఒకే వైపు నుంచి చాలా బండ్లుంటే వరసగా వచ్చి, కర్ర చివరి బండి పట్టుకోవాలి. తన కొసన కర్ర లేదంటే లోపల ఎవరో ఉన్నట్టు, లేదా అటు నుంచి వస్తున్నట్టు లెక్క. ఆగాల్సిందే.

ఇది రైల్వే వాళ్లందరికీ తెలిసిన పద్ధతే. ఒంటి లైను మీద ఇనప గుండొకటి తోలుసంచిలో పెట్టి ఇంజను డ్రైవరుకి ఇస్తారు. అది చేతిలో లేకుండా డ్రైవరు స్టేషను దాటడు. దాంతోపాటు నాన్న కథ కూడా ఒకటి మేం వందసార్లు విన్నాం. పోలీసు యాక్షన్ వారంలో తీగలు తెగిపోయి, గుండునిచ్చే స్టేషను మిషన్లు మూగబోయి, గుండు బయటికి రాలేదట. ఊళ్లొదిలి పోతున్న జనంతో బండి నిండిపోయి ఉందట. అప్పుడు నాన్న చేతికి పైలట్ పట్టీ కట్టుకుని ఇంజనెక్కాడు. గుండు లేనప్పుడు మనిషే గుండు. ఆ ఒక్క మనిషి ఎక్కిన బండే లైను మీదికి పోతుంది, ఇంకేదీ కదలదు. అలా రాత్రీ పగలూ రెండు స్టేషన్ల మధ్య తిరిగి బండ్లన్నీ దాటించాడు. కథ చివర అమ్మ, "గుండు గారూ, భోజనానికి లేవండి" అనేది.

కర్ర పద్ధతి బాగానే పనిచేసింది, ఒక్క బుచ్చమ్మకి తప్ప. ఆమె ఇల్లు ఏ కొసనా లేదు, నడుమ ఉంది. బయటికి రావాలంటే ముందు కాలినడకన ఏదో ఒక కొసకి వెళ్లి, కర్ర అక్కడుంటే తెచ్చుకోవాలి, లేకపోతే రెండో కొసకి నడవాలి. పాలు ఆలస్యమయ్యేవి. రోడ్డు మీది చాయ్ హోటలు వాడు వేరేవాళ్ల దగ్గర తీసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పటికి మా ఇల్లు కూడా లేచి, మేం అందులోకి మారాం. ఆమె ఒకరోజు అక్కడికొచ్చి నాన్నని నిలదీసింది. "నా ఇంట్లకెళ్లి నేను ఎల్లనీకి నీ కట్టె కావాల్నా సారు?"

"అందరికీ ఒకటే రూలు బుచ్చమ్మా. ఒక్కరికి వదిలేస్తే మళ్లీ ఇంకో గుర్రం పోతుంది."

గుర్రం మాట వినగానే ఆమె తగ్గిపోయింది. "సరే. కట్టె లేకుండ చక్రం బయట పెట్ట. ఒట్టు" అని వెళ్లిపోయింది. ఆ ఒట్టు తప్పలేదు. అడిగేవాడు లేని తెల్లారగట్ల కూడా కొస దాకా నడిచి కర్ర తెచ్చుకునే బండి కట్టేది. నాన్న అది చూసి మురిసిపోయేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మా అమ్మ ఆమెకి ఒక దారి వెతికిపెట్టింది. ఆ ఏడు కోత పండుగకి చర్చిలో పాయసం, టీ పెట్టడానికి పాలు బుచ్చమ్మ దగ్గరే తీసుకోవాలని సంఘంతో ఒప్పించింది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటుంది. ఆ పాలు మంచిగా, వేళకి వస్తే మిషను బాలికల హాస్టలుకి రోజూ ఆమె దగ్గరే తీసుకుంటామని వార్డెను దేవకృపమ్మ చెప్పింది. రాకపోతే వేరేవాళ్లని చూసుకుంటుంది. బుచ్చమ్మ దళారికి వచ్చే వారం రమ్మని చెప్పి, ఆ ఆదివారం కోసం ఎదురుచూసింది.

ఆదివారం పొద్దున లేఅవుట్ అంతా ఒకేసారి చర్చికి బయల్దేరింది. కోత పండుగకి వట్టి చేతులతో ఎవరూ వెళ్లరు. గుమ్మడికాయలు, కోళ్లు, అరటిగెలలు, గుడ్ల బుట్టలు, ఇంట్లో చేసిన అరిసెలు, ఏవి పండితే అవి, ఏవి ఉంటే అవి తీసుకెళ్లి చర్చి బల్ల ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నాన్న మోకాలు వాచి మంచం దిగలేకపోయాడు కాబట్టి నేను ఇంటి దగ్గర ఆగాను. అమ్మ వెళ్లింది. జట్కాలు, బండ్లు వరసగా సందు దాటాయి. చివరి జట్కాలో మా సంఘపు లూకా గారు, ఒళ్లో చెరుకుగడల మోపు, చేతిలో కర్ర.

ఎండెక్కింది. కాసేపటికి బుచ్చమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. పాలు కాచి క్యాన్లలో పోసి పెట్టిందట. ఈ కొసన కర్ర లేదు.

"ఆ కొసన ఉంటుంది. లూకా తగిలించి ఉంటాడు" అన్నాడు నాన్న.

"ఆడికి సుత పోయచ్చిన సారు. కొక్కెం ఖాళీగున్నది. తుకారాం ఆడనే నిలవడ్డడు. నాతోటి మాట్లాడడు గద, ఎవలిని అడగాలె?"

నేను పరుగెత్తాను. పెద్దరోడ్డు కొసన తుకారాం జట్కా, దాని వెనక ఇటుకల బండ్లు. లోపల్నుంచి కర్ర వస్తుందని వాళ్లు చూస్తున్నారు. "లూకా సాబ్ జట్కా సీదా పోయింది బిడ్డా, ఆగలే. కట్టె లోపలనే మర్చిండనుకున్న" అన్నాడు తుకారాం. మా కొసన రాళ్ల బండి వాడు కూడా అటు నుంచి కర్ర వస్తుందని ఎద్దుల్ని విప్పి కూర్చున్నాడు. రెండు కొసల్లోనూ జనం, నడుమ సందంతా ఖాళీ. కర్ర ఎక్కడా లేదు.

నేను వచ్చి చెప్పగానే నాన్న మంచం మీంచి కాళ్లు కిందికి దించాడు. "నా కోటు తే" అన్నాడు. రిటైరైనా ఆ కోటు పారేయలేదు.

"నాన్నా, నేను అటూ ఇటూ చెప్పొస్తాను. అందరూ ఆగుతారు. దీనికి కోటెందుకు?"

"నోటిమాట మీద బండి వదలరమ్మా. కర్ర పోయింది, కాబట్టి నేనే కర్ర."

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోటు తొడిగి, నా భుజం మీద చెయ్యి వేయించుకుని నడిపించాను. ముందు రాళ్ల బండి వాడి దగ్గరికి వెళ్లి, తను తిరిగొచ్చేదాకా కదలొద్దని చెప్పాడు. వాడు ఆ కోటునీ, ఆ కుంటి నడకనీ చూసి ఏమనుకున్నాడో గాని సరేనన్నాడు. అక్కణ్నుంచి బుచ్చమ్మ వాకిలికి వెళ్లాం. ఇన్నాళ్లుగా గోడకి ఇవతలే ఉన్నాం గాని నాన్న ఆ వాకిట్లోకి రావడం అదే మొదటిసారి.

బండి ముక్కు ఇంటివైపు ఉంది. ఎద్దుని విప్పేశారు. మమ్మల్ని చూడగానే అత్తా కోడళ్లు చెరో చక్రం పట్టుకుని బండిని వెనక్కి, సందులోకి లాగడం మొదలుపెట్టారు. ఇద్దరి వీపులూ సందు వైపే ఉన్నాయి. పాల క్యాన్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. బండి బయటికి వెళ్లాక వాటిని ఒక్కోటే మోసుకెళ్లి ఎక్కిస్తారట.

"ఆగండి" అన్నాడు నాన్న. "వెనక్కి తీస్తున్నారేమిటి?"

"మరెట్ల తియ్యాలె సారు?"

"వాకిట్లో తిప్పుకుని ముందుకి తీయాలి."

"ఏడ తిప్పాలె?" అంది బుచ్చమ్మ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

నాన్న చుట్టూ చూశాడు. ఇటు గేదెల కొట్టం, అటు గడ్డివాము, ఎదురుగా మా గోడ. గోడ మీద నుంచి అమ్మ క్రోటన్లు కనబడుతున్నాయి. గోడ పునాది దగ్గర, ఆమె వైపు నేల మీద, పాత చక్రాల జాడ ఒకటి గుండ్రంగా వచ్చి మా గోడ కిందికి వెళ్లిపోయింది. నాన్న ఆ జాడని చాలాసేపు చూశాడు.

"ఎప్పట్నుంచి ఇట్లా వెనక్కి తీస్తున్నావు?"

"నీ గోడ లేసిన కాడికెల్లి."

"చాందీ పోయిన రోజున?"

"ఆ దినం సుత గిట్లనే. నా ఈపు తొవ్వ దిక్కున్నది. తుకారాం పిలిసిండట. రాళ్ల సప్పుడుల నాకు ఇనబడలే. ముందటికెల్లి వస్తుంటే గుర్రం కనబడేదే గద."

నాన్న నా భుజం మీద చెయ్యి తీసి గోడ పట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలె సారు? నీ జాగల నువ్వు గోడ కట్టుకున్నవ్. సర్కారోళ్లు రాళ్లు పాతిండ్రు. నేను ఎనక సూసుకోలే, తప్పు నాది" అంది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "పాలు పోనీయి సారు, టైమైతున్నది" అంది.

లేఅవుట్‌లో ప్రతి ఇంటికీ వెళ్లి, బండి తిరిగే చోటు వదిలారా లేదా అని టేపు పెట్టి కొలిచిన మనిషి మా నాన్న. లూకా గారి వరండాని రెండడుగులు వెనక్కి జరిపించినవాడు. బుచ్చమ్మ వాకిలి లేఅవుట్ లోపలిది కాదు కాబట్టి ఆ టేపు ఇటు రాలేదు. ఆ క్షణంలో ఆయన మొహం చూడలేక నేను వంగి చక్రం పట్టుకున్నాను. నాన్న సందులోకి వెళ్లి, మలుపులో రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. మేం బండిని వెనక్కి లాగాం. ఎద్దుని కట్టాం, క్యాన్లు ఎక్కించాం. ఆయన ముందు నడిచాడు, బండి వెనక నడిచింది. అంత మెల్లగా ఏ పాలబండీ ఎప్పుడూ వెళ్లి ఉండదు. అయినా ఎవరూ తొందరపెట్టలేదు.

పెద్దరోడ్డు చేరాక నన్ను బండెక్కమన్నాడు. పైలట్ లైను వదిలి వెళ్లకూడదు కాబట్టి తను అక్కడే ఉండి మిగతా బండ్లు దాటిస్తానన్నాడు. బండి కదిలేముందు నా దగ్గరికొచ్చి, "కర్ర ఎక్కడైనా కనబడితే తీసుకురావద్దు" అన్నాడు.

"అదేంటి నాన్నా?"

"నేను లైను చూడకుండా సిగ్నలు పెట్టానమ్మా" అన్నాడు.

మేం చర్చికి చేరేసరికి వేలంపాట మంచి పట్టు మీద ఉంది. పాయసం గిన్నె దగ్గర అమ్మ దిక్కులు చూస్తోంది. పాలు కనబడగానే వంటవాళ్లు పరుగున వచ్చారు. దేవకృపమ్మ గ్లాసులో కాసిని పోయించుకుని, రుచి చూసి, బుచ్చమ్మని పక్కకి తీసుకెళ్లింది. బుచ్చమ్మ తిరిగొచ్చింది. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయింది. నాకు అర్థమైంది, ఇక ఆ దళారి రానక్కర్లేదు.

అప్పుడే బల్ల దగ్గర నవ్వులు వినబడ్డాయి. వేలం వేస్తున్నది బేగంపేట నుంచి వచ్చిన రిచర్డ్ గారు. ఆయనకి మా సందు సంగతులేవీ తెలియవు. చెరుకుమోపు ఎత్తి చూపిస్తున్నాడు. గడల నడుమ, అదే తాడుకి బిగించి, ఎర్ర పట్టీలతో మా నాన్న కర్ర. "ఇది కొత్త రకం చెరుకు, చారలు కూడా వచ్చాయి" అంటున్నాడు. లూకా గారు జట్కాలో జారిపోకుండా కర్రని కూడా మోపులో దోపి కట్టేసి, ఆ మాటే మర్చిపోయి బల్ల ముందు పెట్టేశారు. ఇప్పుడు లేచి నిలబడి చెమటలు కక్కుతున్నారు. దేవుడికిచ్చిన దాన్ని నాదని అడిగి తీసుకునే అలవాటు మా వాళ్లలో లేదు. అమ్మ దూరం నుంచి నాకు కళ్లతో సైగ చేస్తోంది, వెళ్లి ఆపమని. నేను కదల్లేదు. బేగంపేట వాళ్లెవరో మోపు పాడుకుని, ఆ చారల కర్ర పిల్లాడి చేతికిచ్చి, జట్కా ఎక్కి వెళ్లిపోయారు.

సాయంత్రం మేం ఇంటికొచ్చేసరికి మా గోడ సగం లేదు. రాళ్ల బండి వాళ్లు గడ్డపారలతో మిగతా సగం కూడా తీస్తున్నారు. క్రోటన్ల మడి మీద మట్టి పడి ఉంది. అమ్మ గుమ్మంలోనే నిలబడి, "ఏమండీ, పాయసానికి నేను లేకపోతే ఇంత పని చేస్తారా?" అంది. నాన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని. ఎదురుగా తుకారాం నిలబడి ఉన్నాడు. నాన్నే పిలిపించాడట.

"తుకారాం, గుర్రం పోయింది బుచ్చమ్మ తప్పు వల్ల కాదు. ఈ గోడ వల్ల. ఆమె బండి తిరిగే చోటు నేను నా దారిలో కలిపేసుకున్నాను. ఆమెకి వెనక్కి రావడం తప్ప వేరే దారి లేకుండా చేసి, రూలు మాత్రం ఆమెకే పెట్టాను. చాందీ నా వల్ల పోయింది."

తుకారాం కూలిన గోడ వైపు నడిచాడు. గోడ ఉన్న చోట మొరంలోంచి బయటపడ్డ పాత చక్రాల జాడని కాలితో రాసి చూశాడు.

"గుర్రమైతే తిరిగి రాదు గద సారు."

"రాదు. ఇంకో గుర్రం కొనుక్కునేటప్పుడు నన్ను కూడా కలుపుకో."

"అది తర్వాత చూద్దాం" అన్నాడు తుకారాం. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఇన్ని దినాలు అక్కతోటి మాట్లాడలే నేను." ఆ ఒక్క మాట అని వెళ్లిపోయాడు. బుచ్చమ్మ వాకిలి వైపు చూడలేదు. నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అమ్మ కూడా గుండు గారూ అని పిలవలేదు.

తర్వాత మునిసిపల్ ఇంజనీరు తనిఖీకి వచ్చినప్పుడు, ప్లానులో ఉన్న గోడ ఏదని నాన్నని అడిగాడు. బండి తిరిగే చోట గోడ ఉండకూడదని మీరే కదా రాశారు అన్నాడు నాన్న. మీ ఆవరణ వరకే రాశామని ఆయన వాదించాడు. ఆ వాదన చాలా వారాలు నడిచింది. గోడ మాత్రం మళ్లీ లేవలేదు. అమ్మ కొత్త క్రోటన్లని బుచ్చమ్మ గేదెలు తింటూనే ఉన్నాయి.

కాని నేను చెప్పాల్సింది ఆ మర్నాడు, సోమవారం పొద్దున సంగతి. కొక్కేలు రెండూ ఖాళీగా ఉన్నాయి. నాన్న తెల్లారకముందే కోటు వేసుకుని, గేటు పట్టుకుని నిలబడ్డాడు, ఏ బండి వచ్చినా ముందు నడవాలని. గోడ పోవడంతో బుచ్చమ్మ వాకిలంతా మా దారిలోంచి కనబడుతోంది. ఎల్లమ్మ క్యాన్లు ఎక్కిస్తోంది. బుచ్చమ్మ ఎద్దు ముకుతాడు పట్టుకుని బండిని ఆ పాత జాడ మీదే చుట్టూ తిప్పి, ముక్కు సందువైపు పెట్టి నిలిపింది. హాస్టలుకి మొదటి రోజు పాలు.

అప్పుడు బండ అవతల గుర్రపు డెక్కల చప్పుడు వచ్చి, ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. నాన్న కుంటుతూ అటు కదలబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్కా" అన్న కేక వచ్చింది. గొంతు కాస్త బొంగురుగా ఉంది. "వస్తున్న."

బుచ్చమ్మ ముకుతాడు పట్టుకుని అలాగే నిలబడింది. ఎల్లమ్మ అత్త మొహంలోకి చూసింది. తర్వాత బుచ్చమ్మ బండిని ఒక అడుగు వెనకే పట్టి ఆపి, సందులోకి తల పెట్టి అటూ ఇటూ చూసి, ఏడుస్తూనే గట్టిగా కేకేసింది.

"తొవ్వ సాఫున్నది, రా తమ్మీ."

తుకారాం జట్కా ఆమె ముందునుంచి మెల్లగా దాటి లేఅవుట్‌లోకి పోయాక, ఆమె బండి ముందుకి నడిచి బయటికి వెళ్లింది. నాన్న కోటు విప్పి నా చేతికిచ్చాడు.